కుప్పం గదిలో ఉన్నదెవరు?

“కుప్పం డిపోలో పనిచేసినప్పుడు మీరు యాడ ఉండేవాళ్ళు?”

“డిపోలోనేమ్మా. రెస్టురూములో పడుకునేవాణ్ణి. శనివారం సాయంత్రం బస్సెక్కి పుంగనూరు వచ్చేస్తాంటి.”

“ప్రతి శనివారమా?”

వెంకటరమణప్ప నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య మంగమ్మ అందుకుంది.

“ప్రతి శనివారం యాడొచ్చినాడు? నెలకొకసారి డ్యూటీ ఉండాదని ఎగ్గొట్టేవాడు. ఆ డ్యూటీ ఏందో బ్యాంకోళ్ళు చెప్తే గదా నాకు తెలిసింది!”

వెంకటరమణప్ప తల వంచుకున్నాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఆర్టీసీ మెకానిక్కు. తన ఇంట్లో తనే ముద్దాయిలా బెంచీ చివర కూర్చుని ఉన్నాడు.

ప్రమీల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం ఆమెది. ఇప్పుడు మదనపల్లెలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. ఈ కేసు చేతికొచ్చి ఒక్కరోజే అయింది. రేపు పొద్దున పది గంటలకు పుంగనూరు కోర్టులో విచారణ.

జరిగింది ఇదీ. మూడేళ్ళ క్రితం వెంకటరమణప్ప పేరున ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఇచ్చింది. కుప్పంలో ఒక అద్దెగది చిరునామాకు ఆ కార్డు వెళ్ళింది. దానిమీద ఎవరో బంగారు గొలుసు కొన్నారు, ఫ్రిజ్జు కొన్నారు, బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొన్నారు. కొన్ని నెలలు కట్టి ఆపేశారు. బ్యాంకు దావా వేసింది. సమన్లు ఆ కుప్పం గదికే పోయాయి. ఎవరూ కోర్టుకు రాలేదు కాబట్టి ఏకపక్షంగా తీర్పు వచ్చేసింది. జీతం జప్తు చెయ్యమని డిపోకు నోటీసు వచ్చేదాకా ఇంత కథ నడిచిందని వెంకటరమణప్పకు తెలియనే తెలియదు.

ఆ తీర్పు కొట్టెయ్యమని ఆయన వకీలు పిటిషన్ వేశాడు. కానీ గది యజమాని నారాయణప్ప, అద్దెకున్నది ఈ మనిషేనని ప్రమాణం చేసి చెప్పాడు. అక్కడే చిక్కుపడింది. బ్యాంకు జీతాన్ని అడుగుతోంది. మంగమ్మకు అంతకన్నా పెద్ద అనుమానం. ఆ గొలుసు ఎవరి మెడలో ఉంది?

“కార్డు కోసం ఎప్పుడైనా అప్లికేషన్ పెట్టినారా?” అంది ప్రమీల.

“పెట్టినామ్మా, దాచేదేముండాది. కుప్పం డిపో ముందర కార్డులిప్పిస్తానని గొడుగేసుకుని ఒకాయన కూర్చునేవాడు. జీతం కాగితం జిరాక్సు, ఫోటో ఇచ్చినాను. నెల తర్వాత అడిగితే, బ్యాంకోళ్ళు కాదన్నారు పో అన్నాడు. నేనూ మరిచిపోయినా.”

“ఆయన పేరు?”

“తెల్దమ్మా. గుర్తుపట్టమన్నా పట్టలేను. ఎండద్దాలు, టోపీ.”

మంగమ్మ ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది. “నాకొకటి చెప్పమ్మా. ఈయన్ని ఎరగని నారాయణప్ప, పనిగట్టుకుని అబద్ధం యాల చెప్తాడు?”

“అది అడగడానికే కుప్పం పోతాండాను.” ప్రమీల లేచింది. “ఇంకొకటి కూడా చూడాల. అంత బరువు మిషను బిగిస్తే నేలమీద గుర్తు పడుతుంది. గుర్తు అబద్ధం చెప్పదు గదా.”

* * *

నారాయణప్ప గది కుప్పానికి బయట, పట్టుపురుగుల షెడ్డు వెనకాల ఉంది. చుట్టుపక్కల వేరే ఇల్లు లేదు. ప్రమీల ఆటో దిగేసరికి షెడ్డు ముందు ఒక జీపు నిలబడి ఉంది. జీపుకు ఆనుకుని బాలాజీ టీ తాగుతున్నాడు.

ప్రమీల విసుగ్గా ఊపిరి వదిలింది. బాలాజీ పోలీసుశాఖలో ఏయస్సైగా చేసి ముందుగానే రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ బ్యాంకు బాకీలు వసూలు చేసే మదనపల్లె ఏజెన్సీకి పనిచేస్తున్నాడు. లోగడ ఒక కేసులో ప్రమీల చెప్పింది తప్పని నిరూపించి, నిండు కోర్టులో నవ్వాడు. ఆమె అది మరిచిపోలేదు.

“ఆలస్యమైంది మేడం. సాక్షి తన మాట మీదనే నిలబడి ఉండాడు. ఊరికే శ్రమ మీకు.”

“శ్రమ నాది సార్. మీకేం నొప్పి?”

“నాకు నొప్పే. అప్పు చేసి ఎగ్గొట్టినోడికి మీలాంటోళ్ళు కొమ్ము కాస్తాంటే.” గ్లాసు బానెట్ మీద పెట్టాడు. “మొదటి ఆర్నెల్లు ఎవరో సక్రమంగా బ్యాంకుకు డబ్బు కట్టినారు. ఇంకొకడి కార్డు కొట్టేసిన దొంగైతే కడతాడా? కార్డు ఎవడిదో వాడే కడతాడు. దీనికి జవాబుందా మీ దగ్గర?”

నిన్న రాత్రి నుంచి ప్రమీలను తొలుస్తున్నదీ ఆ ప్రశ్నే. కానీ ఆ సంగతి ఇతనికి చెప్పదలచుకోలేదు.

షెడ్డులోంచి నారాయణప్ప వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతికి మల్బరీ ఆకుల పసరు అంటుకుని ఉంది. ప్రమీల ఫోటో తీసి ముందు పెట్టింది.

“నీ గదిలో ఉండింది ఈయనేనాప్పా?”

“ఈయనే.”

“ఫోటో చూడకుండానే చెప్తాండావే!”

ముసలాయన అప్పుడు చూశాడు. “ఈయనేమ్మా. కోర్టులో కూడా చెప్తిని గదా.”

“ఇంట్లో ఇంకెవరెవరు ఉండేవాళ్ళు?”

“ఎవరూ లేరు. ఒగడే.”

“ఆడమనిషి ఎవరైనా వచ్చిపోయేదా?”

“లే లే. అట్లాంటిదేమీ లేదు.” ఈ మాట మాత్రం తడుముకోకుండా, కొంచెం కోపంగా వచ్చింది. ఎవరినో వెనకేసుకొచ్చినట్టు అనిపించింది ప్రమీలకు.

“గది తలుపు తియ్యప్పా.”

“ఖాళీ గదిలో ఏముండాది మేడం?” అంటూనే బాలాజీ ముందుగా అడుగేశాడు. మరుక్షణం దబ్బుమని చప్పుడైంది. ఆయన నుదురు ద్వారబంధానికి తగిలింది.

“సామాన్లు పెట్టుకునేదానికి కట్టిన గదప్పా, వాకిలి పొట్టిది,” అన్నాడు నారాయణప్ప నొచ్చుకుంటూ.

“వెంకటరమణప్ప మీకన్నా ఎత్తు సార్,” అంది ప్రమీల.

“అయితే ఏం? వంగి పోయేవాడు.” బాలాజీ నుదురు రుద్దుకున్నాడు. “వాకిలి పొట్టిదని జడ్జిగారు కేసు కొట్టేస్తారనుకున్నారా?”

అదీ నిజమే. ప్రమీల వంగి లోపలికి వెళ్ళింది. కిటికీ తెరిచి, గది మధ్యలో నిలబడి ఒక్కసారి చుట్టూ చూసింది. తర్వాత ఎందుకో నేలమీద చతికిలబడి కూర్చుంది. అక్కడినుంచి మళ్ళీ చూసింది.

“ఏం మేడం, కళ్ళు తిరిగినాయా?”

“సార్, మీరూ ఒకసారి ఇట్ల కూర్చోండి.”

“ఏందీ?”

“కూర్చోండి సార్. మీ ప్యాంటుకు దుమ్మంటితే ఉతుకుడు ఖర్చు నేనిస్తా.”

బాలాజీ గొణుక్కుంటూ కూర్చున్నాడు. ప్రమీల ఒక్కొక్కటే చూపించింది. స్విచ్చిబోర్డు కూర్చున్న మనిషి భుజం ఎత్తులో ఉంది. అది మొదట ఉన్న చోటు పైన గోడలో సిమెంటుతో పూడ్చి ఉంది. బట్టలు తగిలించే మేకులు నడుము ఎత్తుకు మించి లేవు. కిటికీ గడియకు ఒక తాడు కట్టి కిందిదాకా వదిలారు.

“ఎత్తయిన మనిషి అద్దెకొచ్చి, ఉన్న బోర్డు పీకి కింద పెట్టించుకుంటాడా సార్?”

బాలాజీ చెయ్యి చాచి తాడును ఒకసారి లాగి వదిలాడు. ఆయన చూపు నేలమీదికి పోయింది. గోడకు దగ్గరగా నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. పోలీసు బుర్ర కదా, ఆగలేక తనే వేలు పెట్టి చూశాడు.

“మిషను ఈడే బిగించినారు. కానీ బల్ల ఏదీ? బల్ల కాళ్ళు ఇంత దగ్గరగా ఉండవే.”

“బల్ల లేదు. చెక్కమీద మిషను పెట్టి నేలకే బిగించినారు. కూర్చుని కుట్టినాడు. తొక్కేది కాలితో గదా, ఆ గుర్తు యాడుండాది?”

ఇద్దరూ వెతికారు. నేలమీద అరుగుదల ఏమీ లేదు. కుడిపక్క గోడమీద మాత్రం, కూర్చున్న మనిషి మోచెయ్యి ఆనేచోట, అరచెయ్యంత మేర నూనె ఇంకి నల్లగా నునుపెక్కి ఉంది. దాని పక్కనే రెండు స్క్రూ రంధ్రాలు.

బాలాజీ తన మోచెయ్యి ఆ మచ్చకు ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆయన ముఖంలో వెటకారం పోయింది.

“తొక్కే పెడలు గోడకు బిగించుకుని మోచేత్తో నొక్కినాడు,” అన్నాడు మెల్లగా.

“కాళ్ళు పనిచెయ్యవు కాబట్టి.” ప్రమీల లేచి వాకిట్లో నిలబడ్డ ముసలాయన దగ్గరికి వెళ్ళింది. “బోర్డు దించింది నువ్వేనాప్పా?”

నారాయణప్ప భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.  ప్రమీల తొందరపెట్టలేదు.

“పోలియో వచ్చిన బిడ్డమ్మా,” అన్నాడు చివరికి. “గురప్ప అని, టైలరు. బోర్డు నేనే దించితి. తాడు నేనే కడితి. వాడికి ఒగ మచ్చ లేదు. ఎవరినీ ఎత్తి ఒగ మాట అనడు.”

“మరి వెంకటరమణప్ప ఎవరు?”

“నాకేం తెల్దు తల్లీ. ఒగనాడు కొరియరోడు ఒగ కవరు తెస్తే సంతకం పెట్టి తీసుకుంటి. మిషను లోను కవరు వస్తాది, నేనొచ్చి తీసుకుంటానని బ్యాంకు సారు ముందే గురప్పకు చెప్పిపోయినాడంట. వచ్చి తీసుకుపోయినాడు. దావా పడినాంక ఒగ మనిషి బండిమీద వచ్చినాడు. ‘కార్డు నీ చేతికే వచ్చింది, నీ సంతకముండాది. ఈ ఫోటోలో ఆయన అద్దెకున్నాడని చెప్పు, లేదంటే నీ మీదనే కేసు’ అన్యాడు. ఈ వయసులో జైలంటే భయం పట్టకపోతాదా?”

“ఎవరు? నేనా?” బాలాజీ గొంతు లేచింది.

“నువ్వు కాదప్పా. హెల్మెట్ తియ్యలేదు, మొగం చూడలే. మీ ఆఫీసోడినే అన్యాడు.”

“నేనెవర్నీ పంపలేదు!” బాలాజీ ప్రమీల వైపు తిరిగాడు. “చూడు ప్రమీలమ్మా, నేను గట్టిగా అడిగితే అడిగుంటాను. దొంగ సాక్ష్యం మాత్రం ఎప్పుడూ కట్టలేదు. సర్వీసులో కూడా లేదు.”

మేడం పోయి ప్రమీలమ్మా వచ్చింది. ఆమె అది గమనించింది, ఆయన్ని నమ్మింది కూడా.

“గురప్ప ఇప్పుడు యాడుండాడప్పా?”

“మదనపల్లెలో అంగడి పెట్టుకున్యాడు. పెండ్లి కూడా అయింది.” ముసలాయన ప్రమీల చెయ్యి పట్టుకున్నాడు. “రేపు నేను కోర్టుకు వస్తా తల్లీ. జడ్జిగారి ముందర తప్పు ఒప్పుకుంటా. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరతా. ఆ బిడ్డకు మాత్రం ఏమీ కాకుండా చూడు.”

* * *

ప్రమీల ఆటో కోసం చూస్తుంటే బాలాజీ జీపు తలుపు తెరిచాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఎక్కింది.

జీపు పలమనేరు దాటింది. అప్పుడు బాలాజీయే మొదలుపెట్టాడు.

“నేను రాకుండా నువ్వొక్కదానివే ఆ టైలర్ని కలిస్తే, రేపు వాడికి మాటలు నేర్పించినావని మా లాయరంటాడు. నేనూ చెవులారా వినాల.”

“మంచిదే. విన్నాక?”

“విన్నాక చూస్తాం.”

మదనపల్లె చేరేసరికి సాయంత్రమైంది. గురప్ప అంగడి కనుక్కోవడం కష్టం కాలేదు. కింద అరుగులాంటి చెక్కమీద కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పక్క గోడకు పెడలు బిగించి ఉంది. మోచేత్తో నొక్కుతుంటే మిషను ఉరుకుతోంది. ఆయన భార్య ఎల్లమ్మ గుండీలు కుడుతోంది. నెలలు నిండిన మనిషి.

ప్రమీల తనెవరో చెప్పింది. మిషను ఎక్కడిదని అడిగింది.

“లోను మీద తీసుకుంటినక్కా. లోను ఎప్పుడో తీరిపోయె.” గురప్ప ముఖంలో గర్వం కనబడింది. “జీతం లేనోడికి, కాళ్ళు లేనోడికి ఏ బ్యాంకూ ఇయ్యలేదు. ఒక బ్యాంకు సారు మాత్రం నేనిప్పిస్తానన్యాడు. ఆయనే అంగడికి తీసుకుపోయి, ఆయన దగ్గరుండే కార్డు గీకించి మిషను ఇప్పించినాడు. టోపీ, ఎండద్దాలు తియ్యకుండానే నెలనెలా గదికొచ్చి డబ్బు తీసుకుపోతాండె. ఒక్క నెల ఆపింటే ఒట్టు. పూర్తయినాంక లడ్లు కూడా పంచితి.”

“కార్డు మీద ఎవరి పేరుండాదో చూసినావా?”

“అది ఇంగ్లీషులో ఉండాది గదక్కా. బ్యాంకుదేమో అనుకుంటి.”

 దొంగ ఎందుకు డబ్బు కట్టాడో ప్రమీలకు ఇప్పుడు అర్థమైంది. డిపో ముందు వెంకటరమణప్ప కాగితాలు తీసుకుని, గురప్ప గది చిరునామాకు కార్డు తెప్పించిందీ ఆ టోపీ మనిషే. కట్టింది దొంగ కాదు, ఇతను. ఇతని కష్టార్జితంలోంచి కొంత బ్యాంకులో వేసి కార్డును బతికించుకుని, ఆ దొంగ గొలుసూ ఫ్రిజ్జూ కొనుక్కున్నాడు. కొనేది అయిపోగానే కట్టడం మానేసి, గురప్ప డబ్బంతా జేబులో వేసుకున్నాడు.

ఆమె అంతా విడమరిచి చెప్పింది. వింటున్నకొద్దీ గురప్ప మోచెయ్యి గోడమీంచి జారింది. ఎల్లమ్మ సూది పక్కన పెట్టి, రెండు చేతులూ మిషను మీద వేసింది. ఎవరో అప్పుడే ఎత్తుకుపోతారన్నట్టు.

“ఇది తీసుకుపోతారామ్మా? మా బతుకంతా దీనిమీదనే ఉండాది.”

“నీ భర్త డబ్బు కట్టి కొన్న మిషనమ్మా అది. దాని జోలికి ఎవరొచ్చినా ముందు నన్ను దాటి రావాల,” అంది ప్రమీల. “కానీ పుంగనూర్లో ఒక మనిషి చెయ్యని అప్పుకు జీతం పోగొట్టుకుంటాండాడు. వాళ్ళ కాపురం కూలిపోయేట్లుండాది. రేపు నీ భర్త వచ్చి ఉన్నదున్నట్టు చెప్తే చాలు.”

గురప్ప భార్యను చూశాడు. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మిషను మీంచి చేతులు తీసింది. “పోయి చెప్పు. మనం కట్టిన డబ్బు కట్టినామని చెప్పేదానికి భయమేంది?”

సరిగ్గా అప్పుడు బాలాజీ సెల్‌ఫోను మోగింది. చెవి దగ్గర వినబడని పాత ఫోను అది. ఆయన అలవాటుగా స్పీకరు నొక్కాడు. వద్దన్నట్టు ప్రమీల చెయ్యెత్తే లోపలే అవతలి గొంతు అంగడి నిండా పలికింది.

“చ్చ. యాడుండావు బాలాజీ?”

నాలుకతో చప్పుడు చేసి మాట మొదలుపెట్టాడు ఆ మనిషి. గురప్ప ఉలిక్కిపడ్డాడు. నోరు తెరవబోతుంటే ప్రమీల వేలు పెదవులకు అడ్డం పెట్టి చూపించింది.

“మదనపల్లెలోనే సార్,” అన్నాడు బాలాజీ. ఫోనులో ఉన్నది ఆయన యజమాని, ఏజెన్సీ నడిపే చక్రపాణి.

“చ్చ. ఆ ప్రమీల కుప్పం పోయిందంట. అది ఊరికే ఉండే మనిషి కాదు. గురప్ప అని ఒక కుంటి టైలరు ఉండాడు ఊళ్ళో. ఇప్పుడే పోయి వాడి ఓవర్‌లాక్ మిషను జప్తని చెప్పి జీపులో ఎత్తెయ్. వాడికి నాలుగు డబ్బులిచ్చి బెంగుళూరు బస్సెక్కించు. రేపు కోర్టు టైముకు వాడు ఊళ్ళో ఉండకూడదు. అర్థమాయెనా?”

 కేసు కాగితాల్లో ఎక్కడా లేని టైలరు ఇతనికెలా తెలుసు? ఆ ప్రశ్న బాలాజీ ముఖంలో పుట్టడం, జవాబు కూడా అక్కడే దొరకడం ప్రమీల చూసింది.  పాతికేళ్ళ సర్వీసు చేసిన మనిషి, ఇన్నాళ్ళూ ఎవరికి కాపలా కాశాడో ఇప్పుడు తెలిసింది.

ఆయన గొంతు మాత్రం మారలేదు.

“సార్, ఆ టైలరు అంగడిలోనే ఉండాను. నేను చెప్తే వినేట్టు లేడు. బ్యాంకు సారు వచ్చి చెప్తే వింటాడంట. మీరొకసారి వస్తారా?”

అవతల ఎవరితోనో గొణిగిన మాటలు వినబడ్డాయి. 

“చ్చ. సరే, ఆడనే ఉండు. వస్తాండా.”

ఫోను ఆగిపోయింది. బాలాజీ దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

“ఆయనేక్కా!” గురప్ప గొంతు వణికింది. “నెలనెలా నా గదికొచ్చి డబ్బు తీసుకుపోయింది ఆయనే. ఆ చ్చ అనే చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతా.”

“వాడు మంచోడు కాదు ప్రమీలమ్మా,” అన్నాడు బాలాజీ. “ఒగడే రాడు. ఇద్దరు మనుషుల్ని ఎప్పుడూ వెంట పెట్టుకునే తిరుగుతాడు. కత్తి తియ్యడానికి కూడా వెనకాడరు.” మాట్లాడుతూనే ఇంకో నంబరు నొక్కాడు. “టౌన్ స్టేషన్లో ఎస్సై నాకు శిష్యుడు. మఫ్టీలో ఇద్దర్ని పంపమంటా. రేపు కోర్టులో సాక్షుల్లో నా పేరు కూడా రాయించు.”

“ఉద్యోగం పోతుంది సార్.”

“పోనీ. అది ఉద్యోగం అనుకుంటిని నేను.”

ప్రమీల ఎల్లమ్మను వెనకగదిలోకి పంపి తలుపు వేసింది. గురప్పను కూడా పొమ్మంది. అతను కదల్లేదు. దారం తెగిన చోట మళ్ళీ ఎక్కించుకుని, సగం కుట్టిన చొక్కాను మిషను కింద సర్దుకున్నాడు.

“నేను పోతే ఆయన లోపలికి రాడక్కా. నన్ను చూస్తేనే వస్తాడు. నేనీడనే ఉంటా.”

వీధి మలుపులో కారు లైట్లు కనిపించాయి. స్టేషన్ నుంచి ఇంకా ఎవరూ రాలేదు. బాలాజీ వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. ప్రమీల బట్టల బీరువా పక్కకు తప్పుకుంది. కారు అంగడి ముందు ఆగింది. మూడు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి.

గురప్ప తలెత్తి చూశాడు. ఈసారి అతని గొంతులో వణుకు లేదు.

“రానీండి. టోపీ లేదు, అద్దాల్లేవు. మొగం కూడా చూస్తాండా ఇప్పుడు.”